క్యాబేజీ అమ్మ, ఏడో నంబరు

ఆ వేసవిలో మా ఇంట్లో ఉన్నది ముగ్గురమే అయినా, అనుమానాలు మాత్రం ఉమ్మడి కుటుంబానికి సరిపడా ఉండేవి. మా ఆయనకి నా మీద అనుమానం. నాకు మా మామగారి మీద అనుమానం. మామగారికి ఎవరి మీదా ఉన్నట్టు కనపడేది కాదు. నా అనుమానానికి అదే మొదటి కారణం.

మా ఆయన క్యాబేజీ మీద బతుకుతున్నాడు. అంటే కూరగాయల వ్యాపారం కాదు. మేడమీద గదిలో ఆయనా, బొమ్మలు గీసే ఒక అమ్మాయీ కూర్చుని కంప్యూటర్లో ఆడుకునే ఆటలు తయారుచేస్తారు. ఆట పేరు ‘క్యాబేజీ అమ్మ’. ఒక క్యాబేజీ, దానికి గోలీకాయలంత పిల్లలు ఐదుగురు. పిల్లల్ని ఎవరో ఎత్తుకుపోతారు. అమ్మ అరల మీదా గిన్నెల మీదా గెంతుతూ, తురుముపీటల్ని తప్పించుకుంటూ వెళ్లి ఒక్కొక్కళ్లనే విడిపించుకొస్తుంది. దెబ్బ తగిలినప్పుడల్లా ఒక ఆకు రాలిపోతుంది. కావాలంటే మీట నొక్కి మనమే ఆకు వదిలెయ్యొచ్చు కూడా. ఆకులు తగ్గేకొద్దీ అమ్మ తేలికై ఇంకాస్త ఎత్తుకి ఎగురుతుంది. అన్నీ పోతే తెల్లటి కాడ మిగులుతుంది. దానికి చిన్న గాలి తగిలినా చాలు, “నా ఖర్మ!” అంటూ కూలబడుతుంది.

ఆ “నా ఖర్మ” నాది. “చెప్పులేసుకోండర్రా” కూడా నాదే. వంటింట్లో నాలో నేను అనుకునే మాటలన్నీ ఆయన ఏనాడు ఏరుకున్నాడో గానీ, ఊరూ పేరూ తెలియని పిల్లలందరూ నా గొంతు వేళాకోళం చేస్తూ పెరిగారు.

మొదటి భాగం వంటింట్లో, రెండోది కూరగాయల బజారులో జరిగాయి. రెండూ బాగానే ఆడాయి. ఆ ధైర్యంతో రెండేళ్ల కిందట మా ఆయన బీమా ఆఫీసు ఉద్యోగం వదిలేశాడు. ఆ సంగతి తండ్రికి చెప్పినరోజు మామగారు పేపరు కిందకి దించి, “క్యాబేజీయా?” అన్నారు. మళ్లీ పేపరు పైకెత్తారు. రెండేళ్లలో ఆ విషయం మీద తండ్రీకొడుకుల సంభాషణ మొత్తం అంతే.

మూడో భాగం ఫ్రిజ్‌లో జరుగుతుంది. అది సరిగ్గా కుదరకపోతే పాత ఆఫీసుకి వెళ్లిపోవడమేనని మా ఆయన తేల్చేశాడు. మా వదిన, అంటే ఆయన అక్క, అప్పటికే అక్కడ మాట్లాడి పెట్టింది. “నెలాఖరు దాకా నీ కుర్చీ ఖాళీగా ఉంచుతారు. తరవాత నీ ఇష్టం,” అంది. ఆ కుర్చీలో ఆయన్ని నేను పదేళ్లు చూశాను. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుకుంటూ కూడా ఎవరికో క్షమాపణ చెప్పుకుంటున్నట్టుండేవాడు.

మూడో భాగం బయటికి వెళ్లేముందు ఆడి చూడటానికి కొత్తవాళ్లని పన్నెండుమందిని ఎంచారు. దరఖాస్తులు చూసి ఎంచిందీ, వాళ్లకి కాగితాలు పంపిందీ బొమ్మలమ్మాయే. పేర్లు లేవు, నంబర్లే. పదకొండుమంది “భలే ఉంది”, “చంపేశారు”, “నాలుగో భాగం ఎప్పుడు?” అని రాశారు. ఏడో నంబరు మాత్రం ఇలా రాశాడు:

‘లోపం 1: గుడ్ల అరలో గుంటలు ఆరు. గుడ్లు ఏడు. ఏడో గుడ్డు గాలిలో కూర్చుంది.

లోపం 2: ఫ్రిజ్ తలుపు మూయగానే దీపం ఆరాలి. రెండు సెకన్ల తరవాత ఆరుతోంది. ఆ రెండు సెకన్లూ ఎవరి కోసం వెలుగుతోంది?

లోపం 3: కోసి నాలుగు రోజులైన నిమ్మచెక్క రసం చిమ్ముతోంది. నమ్మశక్యంగా లేదు.’

మా ఆయన ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. నన్నూ, ఫ్రిజ్‌నీ మార్చి మార్చి చూశాడు.

“నాలుగు రోజుల నిమ్మచెక్క సంగతి ఎవరికి తెలుస్తుంది చెప్పు?”

“ఫ్రిజ్ ఉన్నవాళ్లందరికీ.”

“నిజం చెప్పు. ఏడో నంబరు నువ్వేనా?”

“నేనే అయితే మొదటి లోపం గుడ్లతో ఎందుకు మొదలుపెడతానండీ? తయారుచేసినాయనతో మొదలుపెట్టేదాన్ని.”

ఆయన నమ్మలేదు. ఆ రోజు నుంచీ నేను ఫోను పట్టుకుంటే చాలు, వెనకనుంచి వచ్చి మంచినీళ్లు తాగే మిషతో తొంగిచూసేవాడు. ఆ నెలలో మా ఆయన తాగిన నీళ్లు జన్మలో తాగి ఉండడు.

వారానికో కాగితం వచ్చేది. లోపాలు పది దాటాయి, ఇరవై దాటాయి. గుడ్లు సరిచేస్తే పాలసీసా వంకర అనేవాడు. పాలసీసా నిలబెడితే, ‘తల్లి రెండో పిల్లని చూసి కూడా ఆగకుండా గెంతింది. ఏ తల్లీ అలా గెంతదు’ అని రాసేవాడు. మెచ్చుకున్న పదకొండుమందినీ మా ఆయన మర్చిపోయాడు. ఒంటరిగా మెట్లమీద కూర్చుని ఏడో నంబరు కాగితాలు చదువుకునేవాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. పాత ఆఫీసు చొక్కాలు బీరువాలోంచి తీసి, ఎక్కడైనా చిరిగాయేమో చూసి, మళ్లీ లోపల పెట్టాడు. ఆ చొక్కాలు నన్ను భయపెట్టినంతగా ఏడో నంబరు కూడా భయపెట్టలేదు.

ఈలోగా మామగారి సంగతి వేరే దారిన నడుస్తోంది.

ఆయన కుక్కర్ల కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్లు మూతలు తనిఖీ చేసి రిటైరైన మనిషి. రిటైరయ్యాక ఇల్లు కదలడం అరుదు. అలాంటిది వేసవి మొదలయ్యాక రోజూ పొద్దున్న పదింటికి ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, చంకలో అట్ట ఫైలు పెట్టుకుని బయల్దేరేవారు. ఒంటిగంటకి వచ్చేవారు. ఎక్కడికంటే “పనుంది” అనేవారు. ఒక ఆదివారం, ఇవాళ వెళ్లరా అని అడిగాను.

“ఇవాళ సెలవు కదమ్మాయ్,” అన్నారు.

డెబ్భై ఏళ్ల మనిషికి ఆదివారం సెలవిచ్చేవాళ్లెవరు?

ఇంకొకటి. కొడుకు భోజనానికి కూర్చుంటే ఆయన కంచం తీసుకుని లేచి వరండాలోకి వెళ్లిపోయేవారు. కొడుకు టీ పెట్టి ఇస్తే చెయ్యి చాపేవారు కాదు. ఒకరోజు మా ఆయన, పాపం, ఆయనకిష్టమని బత్తాయిలు తెచ్చాడు.

“వద్దు. ఇప్పుడు తీసుకోకూడదు,” అన్నారు మామగారు.

“ఏం నాన్నా, ఒంట్లో బాగాలేదా?”

“ఒంట్లో బాగానే ఉంది.”

మా ఆయన బత్తాయిల సంచీ గుమ్మం పక్కన పెట్టేశాడు. ఆ తరవాత వంటింట్లోకి వచ్చి, “చూశావా, నా చేతి పండు కూడా ముట్టుకోవడం లేదు,” అన్నాడు. “ఉద్యోగం మానేసిన కోపం రెండేళ్లు కడుపులో పెట్టుకుని ఇప్పుడు చూపిస్తున్నారు.”

నాకు మాత్రం ఆ ‘ఇప్పుడు’ అనే మాట దగ్గర పురుగు దొలిచింది. కోపమైతే ఎప్పుడూ తీసుకోకూడదు. ఇప్పుడు తీసుకోకూడదంటే ఏమిటి?

ఉండబట్టలేక వదినకి ఫోన్ చేశాను.

“నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్నారా!” అంది వదిన. “అమ్మ ఉన్నన్నాళ్లూ బతిమాలినా వేసుకోలేదే! ఎవరో ఉన్నారు. చూస్తూ ఉండు, ఎవరో ఉన్నారు.”

“ఈ వయసులోనా వదినా?”

“అందుకే ఇస్త్రీ కావాల్సొచ్చింది.”

నవ్వాను గానీ, ఫోను పెట్టేశాక నవ్వు నిలవలేదు. మర్నాడు పదింటికి ఆయన గేటు దాటగానే పొయ్యి కట్టేసి, చెప్పులేసుకుని, కాస్త ఎడం వదిలి వెనకే నడిచాను. ఆయన మందుల షాపు దాటారు. చొక్కాలు కుట్టేవాడి కొట్టు దాటారు. పూలకొట్టు దగ్గర ఒక్క క్షణం ఆగారు. నేను కరెంటు స్తంభం చాటుకి తప్పుకున్నాను. చెప్పులో రాయి దులుపుకుని ముందుకి సాగారు. చివరికి గ్రంథాలయంలోకి వెళ్లారు.

పేపర్లు చదివే హాలు వెనక కంప్యూటర్ల గది ఉంది. ఆరు కంప్యూటర్లు, ఐదింటి ముందు బడిపిల్లలు. ఆరోదాని ముందు చెవులకి పెద్ద డొప్పలు తగిలించుకుని మా మామగారు. తెర మీద మా ఇంటి క్యాబేజీ.

ఆయన ఆడుతున్నారు. క్యాబేజీ ఎడమకి గెంతితే ఆయన భుజం ఎడమకి ఒరుగుతోంది. నిమ్మచెక్క రసం చిమ్మితే తల పక్కకి తప్పిస్తున్నారు. “పద తల్లీ... మెల్లిగా... ఆ, అక్కడ ఆగు,” అని పైకే అంటున్నారు. డొప్పలున్నాయి కాబట్టి గది మొత్తానికి వినిపిస్తోందని ఆయనకి తెలియదు. తెలిసిన పిల్లలకి అలవాటైపోయినట్టుంది, ఎవరూ తల తిప్పడం లేదు. పక్కన అట్ట ఫైలు తెరిచి ఉంది. గళ్లు గీసిన కాగితం, గుండ్రటి అక్షరాలతో ‘లోపం 41’. ముందు దాంట్లో రాసుకుని, తరవాత కంప్యూటర్లో కొట్టి పంపుతున్నట్టుంది.

నిమ్మచెక్క, మూతలు, కాగితాలు, ఇస్త్రీ చొక్కా. ఇంత సూటిగా ఉన్నదాన్ని నెలరోజులుగా పట్టుకోలేకపోయినందుకు నా డిగ్రీ కాగితం నాకే చూపించి సిగ్గుపడమనాలనిపించింది.

నేను భుజం తట్టేసరికి ఆయన ఉలిక్కిపడి డొప్పలు తీశారు.

“నువ్వెందుకొచ్చావమ్మాయ్? తయారీదారు తరఫువాళ్లు ఇక్కడికి రాకూడదు.”

“నేను తయారీదారు తరఫేమిటి మామయ్యగారూ? వంటింటి తరఫు.”

“ఒకే కప్పు కింద ఉన్నావుగా. ఎవరైనా చూస్తే నా కాగితానికి విలువుండదు.”

“అందుకా ఆయనతో కలిసి భోంచెయ్యడం లేదు?”

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశారు. “తనిఖీ నడుస్తుండగా వాళ్ల బల్ల దగ్గర తింటారా ఎవరైనా? ముప్పై ఒక్క ఏళ్లు ఆ కంపెనీ క్యాంటీన్లో టీ తాగలేదు నేను. మీ అత్త ఫ్లాస్కులో పోసిచ్చేది. వాడు బత్తాయిలు తెచ్చాడు చూడు, అవి పుచ్చుకుంటే ఏమంటారు? బత్తాయిలకి అమ్ముడుపోయాడంటారు.”

“ఏడో నంబరు మీరని ఆయనకి తెలుసా?”

“తెలియకేం? వాళ్లేగా నియమించింది. కాగితం కూడా పంపారు.” కళ్లజోడు సర్దుకుని తెర వైపు తిరిగారు. “తెలిసినా ఇంట్లో ఆ ప్రస్తావన తేవడం లేదు. మర్యాద తెలిసినవాడు.”

మేడమీద ఆయన కొడుకు, తండ్రి తనని వెలేశాడని కుమిలిపోతున్నాడు. ఇక్కడ ఈయనేమో కొడుకు మర్యాదకి మురిసిపోతున్నారు.

“మామయ్యగారూ, నలభై ఒక్క లోపాలు రాశారు. ఒక్కటైనా బాగుందని రాయొచ్చు కదా?”

“ఎక్కడ రాయను? ఆ గడి లేదు.” విసుక్కున్నారు. “అది కాదు గానీ, ఇటు చూడు. ఈ ఐదో పిల్లతోనే వచ్చింది తంటా.”

ఐదో పిల్ల ఐసు పెట్టెలో, పై అరలో కూర్చుని వణుకుతోంది. క్యాబేజీ అమ్మకి ఒక్క ఆకే మిగిలింది. గెంతితే అర అంచు దాకా చేరి, వేలెడు దూరంలో కిందకి పడుతోంది. మామగారు మళ్లీ గెంతించారు. మళ్లీ పడింది.

“ఆ ఒక్కటీ వదిలెయ్యండి, అందుతుంది,” అన్నాను. ఆటలు ఆడకపోయినా, అన్నం వడ్డిస్తూ ఈ ఇంట్లో నేను విన్న సంగతులు తక్కువేం కాదు. “ఈ మీట నొక్కండి.”

“తెలుసు. ఇరవై రోజుల కిందటే తెలుసు.”

“మరి?”

“వదలను. ఐసు పెట్టె అది. పిల్ల చేతికొచ్చాక దాన్ని దేంట్లో చుట్టి తీసుకొస్తుంది?”

ఇరవై రోజులుగా ఆయన ఆ గెంతే గెంతిస్తున్నారన్నమాట. నేను కుర్చీ లాక్కుని కాసేపు చూశాను. లేచి వచ్చేముందు ఆయన నా వైపు తిరక్కుండానే, “వాడి దగ్గర ఈ మాటెత్తావంటే నేను తప్పుకోవాల్సొస్తుంది. ఆఖరి కాగితం ఇచ్చేదాకా నోరు విప్పకు,” అన్నారు.

సరేనన్నాను. పెద్దవాళ్ల మాట జవదాటను నేను. చుట్టూ తిరిగి వెళ్తానంతే.

ఇంటికి వచ్చేసరికి నలభై ఒకటో లోపం నాకన్నా ముందే చేరింది. ‘ఐదో పిల్లకి దారి లేదు.’ మా ఆయన గదిలో పచార్లు చేస్తున్నాడు.

“దారి ఉంది! వాడికి కనపడలేదు! ఆట మొత్తానికి ప్రాణమే అదైతే, దారి లేదంటాడేమిటి? ఆఖరి ఆకు కూడా ఇచ్చేస్తుంది తల్లి, అదీ కథ. అది ఒక్కడికి అర్థం కాలేదంటే నాకు చెప్పడం రాలేదనేగా?” కుర్చీలో కూలబడ్డాడు. “అక్కకి ఫోన్ చేసి వస్తానని చెప్పేస్తాను.”

“చెప్పండి. చెప్పేముందు ఆ ఏడో నంబరుకి ఒక్క ముక్క రాయండి. ఈ ఆటలో నీకు నచ్చినదేమైనా ఏడ్చిందా అని అడగండి. దారి లేదని ఎలా అంటావని కూడా అడగండి. పోతూ పోతూ కడిగేసినట్టు ఉంటుంది.”

కడిగెయ్యడం అనేసరికి ఆయనకి హుషారొచ్చింది. ఘాటుగానే రాశాడు. మర్నాడు పొద్దున్న పదింటికి వెళ్లి ఒంటిగంటకి తిరిగొచ్చిన మామగారు కంచం దగ్గర నన్ను చూసిన చూపుంది చూశారూ, నేను పప్పు గిన్నె వెనక దాక్కున్నాను.

మూడు రోజులకి జవాబొచ్చింది. మా ఆయన పైకే చదవడం మొదలుపెట్టాడు, కడిగేసినవాడి గొంతుతో.

‘మీరు అడిగినవాటికి. తనిఖీ కాగితంలో బాగున్నవి రాయరు. మూత సరిగ్గా బిగిసిందని రాయడంవల్ల ఎవరి మొహమూ మిగలదు. బిగియనిది రాయకపోతే ఒకరి మొహం పోతుంది. రాయనిదంతా బాగున్నట్టు. మీ ఆటలో నేను చూసినవి నాలుగు వందల పన్నెండు. రాసినవి నలభై ఒకటి.

ఐదో పిల్ల గురించి. ఉన్న ఒక్క ఆకూ వదిలేస్తే అందుతుందని తెలుసు. అది దారి కాదు. తల్లి దగ్గర ఏమీ మిగలకపోతే పిల్ల చూసి భయపడుతుంది.’

చదువుతూ చదువుతూ ఆయన గొంతు ఎక్కడ మారిందో నాకు తెలుసు. నాలుగు వందల పన్నెండు దగ్గర. చివరి వాక్యం పైకి చదవలేదు. ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని నేనే చదువుకున్నాను.

బొమ్మలమ్మాయి తల ఎత్తకుండా, “ఈయన లెక్క కూడా పెట్టాడా!” అంది.

మా ఆయన కిటికీ దగ్గరికి నడిచాడు. తరవాత నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు: “పదో తరగతిలో నాకు లెక్కల్లో తొంభై ఎనిమిది వచ్చాయి. మార్కుల కాగితం మీద నాన్న సంతకం పెట్టి, కింద ‘రెండు పోయాయి’ అని రాసిచ్చారు.”

నేను కాగితం మడిచి బల్ల మీద పెట్టాను. నోరు విప్పనని మాటిచ్చాను కదా.

ఆయన మెట్లు సగం దిగి ఆగాడు. కింద వరండాలో మామగారు పేపరు చదువుకుంటున్నారు. మా ఆయన గడ్డం తడుముకుంటూ అక్కడే నిలబడ్డాడు. కిందకి వెళ్లలేదు. మళ్లీ పైకొచ్చి, ఫోను తీసుకుని, “అక్కా, ఆ కుర్చీ ఎవరికైనా ఇచ్చెయ్యమను,” అన్నాడు. అవతల వదిన ఏమందో గానీ, “కోపం కాదక్కా, పనుంది,” అని పెట్టేశాడు.

ఐసు పెట్టెలో పై అరని వేలెడంత కిందకి దించాడు. బొమ్మలమ్మాయి చేత ఇంకో బొమ్మ గీయించాడు. ఒంటి ఆకుతో అర మీదికెక్కిన క్యాబేజీ ఆ ఆకు విప్పి, పిల్లకీ తనకీ కలిపి కప్పుకుంటుంది. అప్పుడేం మాట అనాలని నన్ను అడిగాడు. మొదటిసారి, అడిగాడు. ఏమీ అనొద్దన్నాను.

ఇరవై ఎనిమిదో తారీఖున ఏడో నంబరు ఆఖరి కాగితం వచ్చింది. ‘లోపాలు లేవు.’ ఆ మధ్యాహ్నం మామగారు కంచంతో వరండాకి వెళ్లకుండా కొడుకు ఎదురుగా కూర్చున్నారు. ఇద్దరూ ఎండల గురించి మాట్లాడుకున్నారు. ఎండలు తగ్గాయని ఒకరు, ఇంకా తగ్గాలని ఒకరు. ఏడో నంబరు సంగతి మాత్రం మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. మూడో భాగం బయటికి వెళ్లింది. ఐదో పిల్ల మరీ సులువుగా దొరికిపోతోందని కొందరు ఫిర్యాదు చేశారు. మా ఆయన ఆ ఒక్కటీ మార్చలేదు.

వానలు మొదలైన వారంలో, నేను టీ తీసుకుని మేడమీదికి వెళ్లేసరికి బొమ్మలమ్మాయి పాత దరఖాస్తులు తుడిచేస్తోంది. ఏడో నంబరుది తెర మీద ఉంది. వయసు, డెబ్భై. వృత్తి, తనిఖీ. రోజుకి ఎన్ని గంటలు, మూడు. ఆఖరి ప్రశ్న మా ఆయన రాయించిందే అయ్యుంటుంది. ‘ఈ ఆట తయారుచేసినవాళ్లతో మీకు బంధుత్వంగానీ పరిచయంగానీ ఉందా? ఉంటే దయచేసి దరఖాస్తు చేయకండి. బంధువుల పొగడ్తలకి ఇప్పటికే రెండుసార్లు బలయ్యాం.’

దాని కింద, ‘లేదు.’

నేను ట్రే బల్ల మీద పెట్టి ఇంకోసారి చదివాను. బత్తాయి కూడా పుచ్చుకోని మనిషి. “తెలియకేం, వాళ్లేగా నియమించింది,” అంటూ కళ్లజోడు సర్దుకున్న మనిషి.

“ఎవరో గానీ భలే మనిషక్కా,” అంది ఆ అమ్మాయి, టీ అందుకుంటూ. “మీకేమైనా పరిచయమా?”

“లేదు,” అన్నాను.